వడ్ల కుప్పకు జరం వచ్చిన రోజు

డిగ్రీ అయిపోయాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం మిర్యాలగూడలో, ఒక రైస్ మిల్లు ల్యాబులో. ల్యాబు అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. లారీలు తూచే కాంటా పక్కన ఒక గది. అందులో ఒక బల్ల, తేమ కొలిచే మిషన్, గింజలు పోసి ఏరి చూడటానికి ఒక తెల్ల పళ్లెం. గోడ పొడవునా అరలు, అరల నిండా మూతలున్న స్టీలు డబ్బాలు. వచ్చిన ప్రతి ట్రాక్టర్ నుంచి తీసిన వడ్ల శాంపిల్ ఒక్కో డబ్బాలో ఉంటుంది. మూడు నెలలు ట్రయల్ అన్నారు. పని నచ్చితే ఉంచుకుంటామన్నారు. కాగితం ఏమీ ఇవ్వలేదు.

ఆ కుర్చీలో ఏడాదిలో ముగ్గురు కూర్చుని లేచిపోయారని మొదటి రోజే తెలిసింది. చెప్పింది ల్యాబులో నా పైన పనిచేసే అక్క. ఆమెది కోదాడ.

"ఒకమ్మాయి ఎండకి తట్టుకోలేకపోయింది. ఇంకొకడు ఫోను వదిలేవాడు కాదు. మూడో ఆయన పెద్ద చదువే చదివాడు గానీ రైతులతో మాట్లాడ్డం రాదు. నువ్వెందుకు పోతావో చూడాలి," అంది టీ గ్లాసు కడుక్కుంటూ. ఆమె నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

సూర్యాపేటలో మా ఇంట్లో అమ్మ, నేను. అమ్మ సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. నేను చేరిన వారంలోనే వాడకట్టంతా చెప్పేసింది.

"అమ్మా, ఇంకా పర్మినెంట్ కాలే. గట్ల అందరికీ చెప్పకు."

"కాకేమైతది? నువ్వు చదివినన్ని పుస్తకాలు ఆ మిల్లుల ఎవలు చదివిన్రు?"

అమ్మ అన్నదాంట్లో నాకూ కొంత నమ్మకం ఉండేదని ఒప్పుకోవాలి. ట్యూషన్లకు పోయే స్థోమత లేక నేను చదువుకున్నదంతా మా ఊరి గ్రంథాలయంలోనే. ముందు హాలులో పోటీ పరీక్షల వాళ్లు పొద్దున్నే కుర్చీల మీద టవల్ వేసి పోయేవారు. నాకు చోటు వెనక గదిలో, ఎవరికీ అక్కరలేని పుస్తకాల మధ్య. ఒక అలమరా మొదలుపెడితే పై అర నుంచి కింది అర దాకా వరసగా చదవడం నా పద్ధతి. అర్థం కాని పుస్తకమైనా వదిలేసేదాన్ని కాదు. మిల్లులో పని దొరకగానే వ్యవసాయం అలమరా అంతా వెతికితే ధాన్యం నిల్వ మీద ఒక పాత పుస్తకం దొరికింది. అట్ట ఊడిపోయింది. వెనక చీటీ మీద చివరి తారీఖు నేను పుట్టకముందుది. దాన్ని పది రోజుల్లో చదివి, కావలసినదంతా ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆ నోట్‌బుక్ రోజూ నా బ్యాగులో ఉండేది.

నా పని చెప్పడానికి తేలికే. ట్రాక్టర్ వస్తుంది. నాలుగు చోట్ల నుంచి గుప్పెడు గుప్పెడు వడ్లు తీయాలి. తేమ కొలవాలి. పద్నాలుగు శాతం లోపు ఉంటే ఎండిన వడ్లు, గోదాంలో కుప్ప పోస్తారు. పైన ఉంటే పచ్చివి, డ్రయ్యర్‌కు పంపుతారు. పచ్చివి పొరపాటున గోదాంలోకి పోతే కుప్ప లోపల వేడెక్కుతుంది. రెండు మూడు రోజులు అట్లాగే వదిలేస్తే బియ్యం పసుపు పచ్చగా వస్తుంది, వాసన పట్టుకుంటుంది.

గోదాంలో తండా నుంచి వచ్చే ఆడవాళ్లు ఎనిమిది మంది పనిచేసేవారు. అందరికన్నా పెద్దామెను పెద్దమ్మా అనేదాన్ని. ఆమె పొద్దున్నే వచ్చి గాజులు పైకి తోసుకుని, ప్రతి కుప్పలోకి చేతిని మోచేతి దాకా దూర్చి, కాసేపు కళ్లు మూసుకుని ఉండేది. తర్వాత చేయి తీసి, "మంచిగుంది," అని ఇంకో కుప్ప దగ్గరికి పోయేది.

"ఎందుకు పెద్దమ్మా గట్ల?"

"పిలగాండ్ల నుదురు ముట్టి సూడమా? కుప్పకు గూడ జరమొస్తది బిడ్డా."

నేను ఊరుకోలేదు. గింజలో తేమ ఎట్లా ఉంటుందో, చేతికి తెలిసేలోపు లోపల ఎంత చెడిపోతుందో, మిషన్ ఎందుకు మేలో నోట్‌బుక్ తీసి మరీ చెప్పాను. అన్నం డబ్బాలు ముందు పెట్టుకుని ఆ ఎనిమిది మంది ఓపిగ్గా విన్నారు. పెద్దమ్మ చివరికి, "అయితే నీ మిషన్‌కు చెయ్యి లేదన్నట్టు," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల చిన్నబుచ్చుకున్నాను.

నోట్‌బుక్ రెండో పేజీలో ఒక మాట ఉంది. ఎండలో ఆరబోసి వేడివేడిగా తెచ్చిన గింజను వెంటనే కొలవకూడదు. పైపొర ఎండి, లోపలి తేమ ఇంకా బయటికి రాని గింజ మిషన్‌ను మోసం చేస్తుంది. మూత పెట్టిన డబ్బాలో చల్లారనిచ్చి కొలవాలి. మొదటి ఆరు వారాలు నేను అట్లాగే చేశాను. ఒక్కో ట్రాక్టర్‌కు అరగంట పట్టేది. కోదాడ అక్క దూరం నుంచి చూసి తన పని తాను చేసుకునేది.

ఏప్రిల్‌లో కోతలు ముదిరాయి. గేటు బయట ట్రాక్టర్లు రోడ్డు మలుపు దాకా నిలబడేవి. అక్కకు కోదాడలో వాళ్ల అత్తను దవాఖానలో చూపించాల్సి వచ్చి రెండు రోజులు సెలవు పెట్టింది. ల్యాబులో నేనొక్కదాన్నే. ఆ మొదటి రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది.

నేరేడుచర్ల వైపు నుంచి వచ్చిన రైతు ఒకాయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. వడ్లు రోడ్డు మీద ఆరబోసి, మబ్బు చూసి భయపడి ఎత్తుకొచ్చాడు. శాంపిల్ డబ్బా పట్టుకుంటే చేయి కాలుతోంది.

"ఓ మేడం, ఇంకెంత సేపు? మబ్బు వట్టింది సూడు. వాన గొడ్తె నా వడ్లు మీ ఇంట్ల ఆరబోస్తవా?"

వెనక నుంచి ఇంకొకాయన, "మేడం పరీక్ష రాస్తున్నది, లొల్లి చెయ్యకుర్రి," అన్నాడు. లైనంతా నవ్వింది. అప్పుడే మేనేజర్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఏందమ్మా, ముప్పై బండ్లు ఆగినయ్. నీతోని అయితదా, కాదా?"

ఆ ప్రశ్న నేను రోజూ బస్సులో నన్ను నేను అడుక్కునేదే. ఇంకొకరి నోట వినేసరికి ఇక ఆగలేకపోయాను. డబ్బా మూత తీసి వేడి వడ్లను అట్లాగే మిషన్‌లో పోశాను. పదమూడున్నర చూపించింది. "ఎండినయ్ సార్, గోదాంకే," అన్నాను. ఆ తర్వాత వచ్చిన వాటిలో వేడిగా ఉన్నవాటినీ అట్లాగే కొలిచాను. సాయంత్రానికి లైను ఖాళీ అయింది. "ఇగో, గిట్లుండాలె," అని మేనేజర్ మెచ్చుకున్నాడు. సంతోషంగానే ఇంటికి పోయాను. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు మధ్యాహ్నం కాస్త తీరిక దొరికింది. ఎందుకో ఆ నేరేడుచర్ల రైతు డబ్బా తీసి మళ్లీ కొలిచాను. పదిహేడు. మిషన్ తప్పేమోనని తుడిచి మళ్లీ పోశాను. పదిహేడే. నిన్నటి వేడి వడ్ల డబ్బాలు ఇంకో నాలుగు తీశాను. ఒకటి కూడా పద్నాలుగు లోపు లేదు. ఆ వడ్లన్నీ గోదాంలో రెండో కుప్పలో ఉన్నాయి.

కోదాడ అక్కకు ఫోన్ చేశాను. ఒక రింగు పోగానే పెట్టేశాను. మేనేజర్ గది దాకా వెళ్లాను. ఆయన ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. వెనక్కి వచ్చేశాను. సాయంత్రం గాలివాన మొదలైంది. ఆ గాలిలోనే బస్సెక్కాను. కండక్టర్‌కు ఆధార్ కార్డు చూపించి ఫ్రీ టికెట్ తీసుకున్నాను. వేములపల్లి వైపు పొలాల్లో రైతులు వడ్ల కుప్పల మీద పరదాలు కప్పుకుంటున్నారు. బ్యాగులోంచి నోట్‌బుక్ తీసి రెండో పేజీ చూశాను. నా చేతిరాతే. ఆ మాట కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు కూడా గీసుకున్నాను. తెలియక చేసి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది. ఇంటికొచ్చాక అమ్మ రెండుసార్లు అడిగింది, "ఏమైంది బిడ్డా, గట్లున్నవ్?" అని. తలనొప్పి అన్నాను.

మూడో రోజు పొద్దున నేను గేటులోకి పోయేసరికే గోదాంలో కేకలు వినబడుతున్నాయి. పెద్దమ్మ రోజూలాగే రెండో కుప్పలో చేయి పెట్టి, జరమొచ్చిందని వెంటనే పోయి చెప్పింది. మేనేజర్ వచ్చి ఆమె మీదే పడ్డాడు.

"నిన్న వాన గొట్టినప్పుడు షట్టర్ ఎవరు తెరిచివెట్టిన్రు?"

"నేనే మూసిన సారు. నా చేతుల్తోని మూసిన."

"మూస్తె తడి ఎట్లొచ్చింది? ఇన్నేండ్ల సంది చేస్తున్నవ్, షట్టర్ మూసుడు రాదా? రేపటి సంది రాకు నువ్వు."

పెద్దమ్మ చేతికి ఇంకా వడ్ల దుమ్ము అంటుకునే ఉంది. ఆమె ఎవరి వైపూ చూడలేదు. మిగతా ఆడవాళ్లు లంబాడీలో ఏదో గుసగుసలాడుకుంటున్నారు. సెలవు ముగించుకుని వచ్చిన కోదాడ అక్క షట్టర్ పక్కన నిలబడి ఉంది. ఆమె నా ముఖం చూసింది. ఆమెకు అప్పుడే అర్థమైందని నాకు తెలిసిపోయింది. అది నేను చెప్పాల్సిన మాట కాబట్టి నాకే వదిలేసింది.

"సార్, షట్టర్ కాదు," అన్నాను. ఆ కేకల్లో ఎవరికీ వినబడలేదు. మళ్లీ అన్నాను. "వేడి వడ్లు చల్లారకముందే కొలిచిన. పచ్చి వడ్లను గోదాంకు నేనే పంపిన. నిన్న మధ్యాహ్నమే తెలిసింది నాకు."

"నిన్ననే తెలిస్తే ఇప్పుడు చెప్తున్నవా?"

"భయమైంది సార్."

వెళ్లిపొమ్మంటాడని బ్యాగు భుజానికి సరిచేసుకున్నాను కూడా. ఆయన మాత్రం అటు తిరిగి, "ముందు కుప్ప విప్పుర్రి," అని అరిచాడు.

కుప్పంతా బయటి కల్లంలో పరవడానికి మధ్యాహ్నం దాటింది. నేనూ చెప్పులు విప్పి వాళ్లతోపాటు కాళ్లతో వడ్లు తిరగేశాను. కుప్ప నడిమధ్య వడ్లు పట్టుకుంటే పొయ్యి మీద నుంచి దించిన గిన్నెలా ఉన్నాయి. పులిసిన వాసన అప్పుడే మొదలైంది. నాలుగు గింజలు వొలిచి చూసి అక్క అంది: "రంగు తిరగలేదు. రేపటిదాకా ఆగుంటే తిరిగేది."

"అక్కా, నన్ను పంపిస్తరా?"

"నాకేం తెలుసమ్మా? నిన్న ఫోను చేసి పెట్టేశావే, అప్పుడే మాట్లాడుంటే ఈ ముసలామెకి ఆ తిట్లు తప్పేవి కదా."

పెద్దమ్మ దగ్గరికి పోయి పక్కన నిలబడ్డాను. ఆమె వడ్లు తిరగేస్తూనే ఉంది. "నడువు నడువు, అటు పక్క తిరగెయ్," అంది. ఆ రోజంతా నన్ను బిడ్డా అనలేదు.

ఇంకా అయిదు వారాల ట్రయల్ మిగిలింది. పెద్దమ్మను రావద్దన్న మాట మేనేజర్ మళ్లీ ఎత్తలేదు, ఆమె రోజూలాగే వచ్చేది. నన్ను మాత్రం పొమ్మనలేదు, ఉండమనలేదు. పొద్దున బస్సు మిర్యాలగూడలోకి మలుపు తిరగగానే అదే ఆలోచన మొదలయ్యేది. వడ్లు చల్లారేదాకా ఆగితే లైను ఆగుతుంది, ఆగకపోతే కుప్ప పాడవుతుంది. దీనికి జవాబు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఆదివారం గ్రంథాలయంలో వెతికాను కూడా. జవాబు గేటు దగ్గర దొరికింది. ట్రాక్టర్ ఎట్లాగూ లైనులో గంటసేపు నిలబడుతుంది కదా, శాంపిల్ కాంటా దగ్గర ఎందుకు తీయాలి? రోడ్డు మీదే తీస్తే బండి లోపలికి వచ్చేసరికి డబ్బా చల్లారి ఉంటుంది.

మర్నాటి నుంచి రెండు సంచుల్లో డబ్బాలు పెట్టుకుని లైను చివరి దాకా నడిచేదాన్ని. మూత మీద బండి నంబరు చీటీ అంటించేదాన్ని. రైతులకు నేను మంచి కాలక్షేపం అయ్యాను.

"పాలామె వచ్చిందిరో. మేడం, నాకో లీటర్ పొయ్యి."

"ఇయ్యాల పాలు లేవు మామా, మీ వడ్లే పొయ్యాలె," అనేదాన్ని. రైతులతో మాట్లాడటం రాక వెళ్లిపోయిన ఆయన గుర్తొచ్చేవాడు.

లైను ఆగలేదు. ఆ విషయం ఎవరూ గమనించినట్టు కనబడలేదు. పొద్దున ల్యాబుకు పోయే ముందు గోదాంలోకి పోయి పెద్దమ్మ వెనకాలే నేనూ ప్రతి కుప్పలో చేయి పెట్టేదాన్ని. మొదట్లో నాకు ఏమీ తెలిసేది కాదు. ఒక రోజు ఆమె నా మోచేయి పట్టుకుని ఇంకా లోపలికి తోసింది. "పైపైన ముడితే ఏం తెలుస్తది? దూర్చు," అంది.

మే చివర్లో మూడు నెలలు పూర్తయ్యాయి. ఆ సాయంత్రం ఎవరైనా ఏదైనా అంటారని ఆలస్యంగా బయల్దేరాను. ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడు పోవాలా వద్దా తెలియక పొద్దున్నే అక్కకు ఫోన్ చేశాను. ఈసారి పెట్టేయలేదు. "ఎవరూ వద్దన్లేదు కదా, రా," అంది.

గేటు లోపల మేనేజర్ ఎదురయ్యాడు. నేను ఆగాను. అడగాలనుకున్న మాట నోటి దాకా వచ్చింది.

"ఏందమ్మా, ఈడ నిలబడ్డవ్? బయట ఆరు బండ్లున్నయ్. డబ్బాలేవి?" అనుకుంటూ ఆయన కాంటా వైపు వెళ్లిపోయాడు.

నేను డబ్బాల కోసం పరుగెత్తబోతుంటే గోదాంలోంచి పెద్దమ్మ పిలిచింది. "బిడ్డా, రెండో కుప్ప జర సూసి పో. నా చెయ్యికి ఇయ్యాల తెలుస్తలేదు."

గాజులు పైకి తోసుకుని చేయి మోచేతి దాకా దూర్చాను. లోపల చల్లగా ఉంది. నమ్మకం కుదరక కాసేపు చేయి అట్లాగే ఉంచాను.