మా అమ్మాయి గదులు కట్టిన మిల్లు

మా అమ్మాయి పోయిందని మీలో చాలామందికి ఈపాటికి తెలిసే ఉంటుంది. తెలియనివాళ్లకి ఇప్పుడు చెబుతున్నాను. పది రోజులు జ్వరంతో పోరాడి, రాజమండ్రి ఆసుపత్రిలో ఒక పొద్దున్న వెళ్లిపోయింది. కార్యక్రమాలన్నీ అయిన మర్నాడు వాళ్ల ఆఫీసు సారు ఫోను చేశారు. పాపం, ఏడుపు ఆపుకుంటూనే ఒక మాటన్నారు.

"అమ్మగారూ, తను విడివిడిగా చేసి పెట్టిన ప్రాజెక్టు మాకు అర్థం కావట్లేదండి. కొత్త ధాన్యం వచ్చేస్తోంది. మళ్లీ అంతా ఒకే కుప్ప చేసేద్దామనుకుంటున్నామండి."

"ఆగండి బాబూ. రేపు నేనొస్తున్నాను" అన్నాను.

ఆ ధైర్యం ఎక్కడిదో మీకు తెలియాలంటే మా ఇంట్లో ఆఫీసు ఎలా నడిచేదో చెప్పాలి.

మా అమ్మాయి ధాన్యం మిల్లులకి కంప్యూటరు ప్రోగ్రాములు రాసేది. వారానికి రెండు రోజులు కొవ్వూరు నుంచి వంతెన దాటి రాజమండ్రిలో ఆఫీసుకి వెళ్లేది, మిగతా రోజులు మా వంటింటి పక్కన బల్ల దగ్గర కూర్చునేది. అంతకు ముందున్నవాళ్లు మిల్లు పనంతా ఒకే చోట కలిపి రాసేశారట. లారీ నంబరు దగ్గర ఒక అక్షరం మారిస్తే ఎక్కడో ధాన్యం ఆరబెట్టే డ్రయ్యరు ఆగిపోయేదట. ఇది ఆ పనులన్నీ విడదీసి వేటికవి గదులు కట్టడం మొదలుపెట్టింది. వాళ్లు వాటిని మాడ్యూల్స్ అంటారు. తెర మీద ఎడమ పక్కన పేర్లు వరసగా ఉండేవి. పేరు పక్కన బాణం నొక్కితే ఆ గది తెరుచుకునేది.

"అన్నిటికీ పైన పేరెంట్ అని ఒకటుంటుందమ్మా" అంది ఒకరోజు. "అది సొంతంగా ఏ పనీ చెయ్యదు. ఎవరు ముందో ఎవరు తరవాతో చెబుతుందంతే."

"తెలుసులేవే. మీ నాన్నగారు."

పేపరు వెనకనుంచి ఆయన దగ్గు వినిపించింది.

దానికో అలవాటుండేది. ఏ గది కట్టినా ముందు నాకు చెప్పేది. అది ఏం చేస్తుందో నేను తిరిగి ఒక్క ముక్కలో చెప్పాలి. చెప్పేటప్పుడు నా నోట 'ఇంకా' అన్న మాట వచ్చిందంటే ఆ గదిని రెండు చేసేసేది. "బస్తాలు లెక్కపెడుద్ది, ఇంకా..." అనేసరికి, "చాలమ్మా, దొరికింది" అని గిరుక్కున తిరిగి టకటకా కొట్టేది. ఆ నెలల్లో మా ఇంట్లో పప్పు మాడిందంటే ఆ పాపం నాది కాదండి, సాఫ్ట్‌వేరుది.

నాకు కంప్యూటరు తెలియదు కానీ మిల్లు తెలుసు. పెళ్లికి ముందు నాలుగేళ్లు మండపేటలో మిల్లు కళ్లం మీద వడ్లు ఆరబోసినదాన్ని. ఒకరోజు అది తూకానికి ఒకే గది కట్టానని చెబితే నాకు నవ్వొచ్చింది.

"తడి ధాన్యం తూకం వేరు, ఆరాక తూకం వేరే పిచ్చిమొహమా. రెండూ ఒకటే అన్నారంటే మిల్లువాళ్లు మీ సారుని కళ్లం మీద ఆరబోస్తారు."

వెంటనే ఫోను తీసింది. "సార్, తేమ సంగతి మనం మర్చిపోయామండి. ఎవరు చెప్పారంటారా? మా సీనియరండి. ఇప్పుడు కుదరదండి, తిరగమోతలో ఉన్నారు."

ఐదో తరగతితో బడి మానేసిన నన్ను సీనియరని పిలిచింది లోకంలో అదొక్కతే.

ఇంకోరోజు చూస్తే తెరంతా ఎర్ర అక్షరాలు. ఖాళీ ఎంతుందో గోడౌను చెబితే కానీ డ్రయ్యరు కదలనంటోందట, ఎంత వస్తుందో డ్రయ్యరు చెబితే కానీ గోడౌను కదలనంటోందట.

"అచ్చం మామయ్యల్లాగే ఉన్నాయమ్మా ఇవి" అంది.

నిజమే. మా అన్నయ్య పిలిస్తేనే వస్తానంటాడు మా తమ్ముడు. వాడు ముందు వస్తేనే పిలుస్తానంటాడు మా అన్నయ్య. ఆరేళ్లుగా ఇదే వరస.

"మరేం చేస్తావే?"

"ఇద్దరికీ కావలసింది తీసి మూడో గదిలో పెడతాను. ఎవరికి వాళ్లొచ్చి తీసుకుంటారు. ఒకళ్ల మొహం ఒకళ్లు చూడక్కర్లేదు."

ఇదేదో బాగుందే అనుకుని, దాని పుట్టినరోజుకి ఇద్దరినీ నేనే విడివిడిగా పిలిచి, గారెల గిన్నె మధ్య గదిలో పెట్టాను. ఇద్దరూ ఒక్కసారే చెయ్యి పెట్టారు. ఆ తరవాత జరిగింది మా వీధి మొత్తం విన్నది.

"నీ దాంట్లో పనిచేసింది, నా దాంట్లో చెయ్యలేదేంటే?" అంటే పొట్ట పట్టుకుని నవ్వి, "మామయ్యలు పాత వెర్షనమ్మా" అంది.

అదండీ నా చదువు. దాంతోనే బస్సెక్కి ఆఫీసుకి వెళ్లాను. సారు దాని ల్యాప్‌టాప్ తెరిచి ఒక్కో పేరూ చదివారు. ఆ గది ఏం చేస్తుందో, దానికంటే ముందు ఏది తయారవ్వాలో నేను చెబుతూ పోయాను. తడి తూకం, తేమ, డ్రయ్యరు, ఆరిన తూకం. గోడౌను దగ్గరకొచ్చేసరికి మా అన్నదమ్ముల కథ కూడా చెప్పాల్సి వచ్చింది. సారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. నవ్వుకో, దేనికో.

"కుప్ప చెయ్యమండి. ఇలాగే ఉంచుతాం" అన్నారు.

అన్నిటికంటే కింద ఒక పేరు మిగిలింది. వాన. ఆ గది గురించి అది నాకెప్పుడూ చెప్పలేదు.

"అందులో ఏముంది బాబూ?"

ఆయన బాణం నొక్కి చూశారు. "ఏం లేదండి. పేరు పెట్టి వదిలేసింది. జ్వరం వచ్చిన రోజే పెట్టినట్టుందండి."

కళ్లం మీద వడ్లుండగా వానొస్తే ఏం చేస్తారని అడుగుదామనుకుందేమో. అడిగితే చెప్పేదాన్ని.

"తీసెయ్యమంటారాండి?"

"ఉంటే ఏమన్నా పాడవుద్దా?"

"ఏం పాడవదండి."

"అయితే ఉండనివ్వండి."

అన్నీ వరసగా పనిచేస్తున్నాయో లేదో చూద్దామని ఆయన మీట నొక్కారు. పేర్లు ఒకదాని కింద ఒకటి కదిలాయి. ఒక్కోదాని పక్కనా ఆకుపచ్చ టిక్కు పడుతూ వచ్చింది. వాన దగ్గర అర క్షణం ఆగింది. లోపల ఏమీ లేదు కదా, ఏం వెతుక్కుందో. తరవాత దాని పక్కన కూడా పడింది.