చిన్నాయనకు ఎక్కని మత్తు

2004లో నేను కర్నూలులోని ఒక ఆసుపత్రిలో మత్తు వైద్య విభాగానికి అధిపతిగా ఉన్నాను. ఆ వేసవిలో మా చిన్నాయన పిత్తాశయంలో రాళ్లతో అక్కడ చేరారు. కోడుమూరు వైపు మా కుటుంబానికి ఒకప్పుడు చెప్పుకోదగ్గ భూములుండేవి. అవి చేజారాక కూడా ఆయన ఇస్త్రీ పంచె కట్టడం, తలెత్తి నడవడం మానలేదు. నేనూ ఆ ఇంటివాణ్ణే.

ఆపరేషన్‌కు ముందురోజు మత్తు డాక్టరు రోగిని చూసి పాత జబ్బులు, మందులు, అలవాట్లు అడగాలన్నది నియమం. నేనే వెళ్లాను. తాగుడు అలవాటుందా అనగానే పక్కనున్న చిన్నమ్మకు కోపం వచ్చింది.

"మనింట్లో కల్లు వాసనన్నా ఎవరికి తెలుసప్పా? నువ్వే అడగాల్నా ఆ మాట?"

చిన్నాయన కూడా లేదన్నారు.

మరునాడు థియేటర్‌లో మగత తెప్పించే మిడజోలం సూది వేశాను. ఆయనలా అరవై దాటినవారు కాసేపట్లోనే మగతలోకి జారుతారు. ఆయన మాత్రం దీపాలకేసి చూస్తూ, "ఎప్పుడేస్తావప్పా సూది?" అన్నారు.

వేశానన్నాను.

"వేసినావా? నీళ్లు గాని ఎక్కించినావేమో సూసుకో. మన రక్తం ఇట్లాంటివాటికి లొంగదులే!"

సిస్టర్ నవ్వింది. మరికొంత వేశాను. ఆయన మంత్రాలయం బస్సుల రద్దీ గురించి మొదలుపెట్టారు. నేను సిరంజి పక్కన పెట్టేశాను.

ఇలా మందు ఎందుకు ఎక్కదన్నది ఆ ఏడాది నేను పీజీ విద్యార్థులకు చెబుతున్న పాఠమే. మెదడులో కొన్ని కణాల పని పక్క కణాల జోరును అణచడం. వాటి సంకేతాన్ని అందుకునే గ్రాహకాల మీద పనిచేసి, మిడజోలం ఆ అణచివేతను పెంచుతుంది. అదే జాతి మందు ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతుంటే, గ్రాహకాలను తయారుచేసే జన్యువుల పనితీరు మారుతుంది. కొన్ని రకాల గ్రాహకాలు తగ్గి, వేరే రకాలు పెరుగుతాయి. అప్పుడు మామూలు మోతాదు చాలదు. ఉన్నట్టుండి మానేస్తే మూర్ఛలొచ్చి ప్రాణమే పోవచ్చు. మా వైపు ఇలాంటి రోగులు ఎక్కువగా కల్తీ కల్లు తాగేవారే. అందులో మిడజోలం జాతిదే అయిన డయజిపామ్ కలుపుతారు.

సర్జన్‌ను బయటే ఆగమని, సిస్టర్‌ను కూడా పంపేశాను.

"చిన్నాయనా, నువ్వు కల్లు తాగుతాండావా?"

"ఐదేండ్లాయ. రోజూ బస్సెక్కి వేరే ఊరికి పోతాండా. ఆడ నేనెవురో ఎవురికీ తెల్దు. తాగకుంటే చేతులు నిలవవు."

కల్లు తాగి వచ్చాడని పాలేరును గేటు బయటే నిలబెట్టిన మనిషి ఆయన.

ఆపరేషన్ వాయిదా వేశాం. కేసు షీటు తెరవగానే ఆయన నా మణికట్టు పట్టుకున్నారు.

"రాయొద్దురా. నలుగురూ సదువుతారు. ఇంటి పేరు పోతాది. దానికన్నా సచ్చేది మేలు."

ఆ ఇంటి పేరు నాది కూడా. కానీ రాయకపోతే, నేను లేనప్పుడు మూర్ఛ వస్తే డ్యూటీ డాక్టరు మామూలు మోతాదే వేస్తాడు, అది పనిచేయదు. ఎవరైనా చదవగలిగేలా పెద్ద అక్షరాలతో రాశాను.

కల్లు ఆగిపోయింది కాబట్టి బదులుగా ఇస్తున్న మందుకు తగిన మోతాదు కుదిరేలోపే మూర్ఛ వచ్చింది. డ్యూటీ డాక్టరు షీటు చూసి, ఆ మేరకు మందు పెంచి ఆపగలిగాడు. కానీ కారణం చిన్నమ్మకు చెప్పక తప్పలేదు. తర్వాత కొన్ని వారాలపాటు మందును మెల్లగా తగ్గించి ఆపరేషన్ చేశాం. చిన్నాయన బతికారు. నాతో మళ్లీ మాట్లాడలేదు.

పదవీ విరమణ వరకు నేను అలవాట్ల సంగతి బంధువులను వరండాలోకి పంపాకే అడిగాను. ఇంటివాళ్ల ముందు రోగి చెప్పే జవాబు ఇంటివాళ్ల కోసం చెప్పేది. దాన్నిబట్టి మందు మోతాదు నిర్ణయించకూడదు.