కుంచం దేవుడు, పసుపు రాయి

ఈ సెమిస్టర్‌లో ఆ పాఠాన్ని ఇప్పటికి రెండుసార్లు దాటేశాను. రాజాంలో డిగ్రీ పిల్లలకి చరిత్ర చెబుతాను. సిలబస్ అక్కడికి వచ్చేసరికి స్టాఫ్‌రూమ్‌లో కూర్చోలేను. లేచి వరండాలో తిరుగుతాను, మళ్ళీ వచ్చి పుస్తకం తెరిచి మూసేస్తాను.

నిజానికి అది నేను బాగా చెప్పే పాఠం. లోకాన్నంతా గెలవాలని బయల్దేరిన గ్రీకు కుర్రరాజు చచ్చిపోయాడు. సేనాపతులు రాజ్యం పంచుకున్నారు. ఈజిప్టు ఒకడి వాటాకి వచ్చింది. పరాయి గడ్డమీద నిలదొక్కుకోవాలంటే సైన్యం ఒక్కటే చాలదని వాడికి తెలుసు. అక్కడి జనం కొలిచే ఎద్దు దేవుడికి మనిషి ముఖం పెట్టించాడు. గడ్డం, ఉంగరాల జుట్టు, అచ్చం గ్రీకు పెద్దమనిషి. నెత్తిన ధాన్యం కొలిచే కుంచం. పేరు సెరాపిస్. "కుంచమేటి సార్, నెత్తిమీద!" అని పిల్లలు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. "అయినా జనం పాత ఎద్దుని వదల్లేదర్రా" అని ముగించేవాణ్ణి.

నిరుడు మా ఊళ్ళో అమ్మవారికి కొత్త గుడి కట్టారు. మా అమ్మవారంటే మోకాలెత్తు నల్లరాయి. ప్రతి మంగళవారం ఆ రాయికి నీళ్ళుపోసి, పసుపు నూరి ఒళ్ళంతా పట్టించే పని మా ఇంటి ఆడపడుచుది. మా నాన్న అక్క, అంటే మా మేనత్త, నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆ పని చేస్తోంది. పసుపు రాస్తూ అమ్మవారితో మాట్లాడుతుంది. వానలు లేకపోతే తిడుతుంది కూడా.

కమిటీ కుర్రాళ్ళు పాలరాతి విగ్రహం తెప్పించారు. నాలుగు చేతులు, కిరీటం, క్యాలెండర్‌లో బొమ్మలాగే ఉంది. కరపత్రం రాయమని నా దగ్గరికొచ్చారు. "మాస్టారూ, మీరు రాస్తేనే బాగుంటాది" అన్నారు. ఉబ్బిపోయాను. "శిథిలమైన పాత శిల స్థానంలో" అని మొదలుపెట్టాను. ఎందుకలా రాశానంటే, వాక్యం నిండుగా వచ్చింది, అంతే. ఆ రాయిని దగ్గరగా చూసి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు.

పాత రాయిని గుడి పక్కనే అరుగు కట్టి ఉంచుదామని కమిటీ అనుకుంది. ప్రతిష్ఠకి వచ్చిన కొత్త పూజారి నా కరపత్రం చదివి, శిథిలమైనదాన్ని ఉంచకూడదు, ఏట్లో కలిపెయ్యమన్నాడు. ఆ మాట విన్నప్పుడైనా నేను నోరు విప్పాల్సింది. విప్పలేదు.

ప్రతిష్ఠ రోజు పొద్దున్నే రాయిని ట్రాక్టర్ తొట్టిలో పెట్టారు. నాగావళికి తీసుకుపోతున్నారు. మేనత్త పసుపు గిన్నె పట్టుకుని వచ్చింది. కమిటీ వైపు చూడనైనా లేదు, తిన్నగా నా దగ్గరికే వచ్చింది.

"ఒరే, పగిలిపోనాదని నువ్వే రాసినావట గదా. ఎక్కడ పగిలినాదో సూపించు. ఇన్నేళ్ళూ నా సేతికి తగల్లేదు. పసుపెట్టి కప్పేత్తాను, ఇంకేటి పేచీ ఉండదు."

ఆమె గొడవకి రాలేదు. నమ్మింది. చదువుకున్న మేనల్లుడు రాశాడంటే పగులు ఉండే ఉంటుందని, తప్పు తన చేతిదేనని అనుకుంది.

తొట్టి ఎక్కి రాయి చుట్టూ తడిమాను. అరచెయ్యంతా పసుపు అంటింది. గీత కూడా లేదు. కింద నుంచి ముహూర్తం దాటిపోతోందని కేకలేస్తున్నారు. "లేదత్తా, నేనే తప్పు రాశాను" అనడానికి ఎంతసేపు?

"అడుగునుందత్తా. కనబడదు" అన్నాను.

"అలాగేటి" అంది. కొంగు దోపుకుని, తొట్టి పక్కనుంచి రాయి కిందకి చెయ్యి దూర్చి పసుపు రాయడం మొదలుపెట్టింది. ట్రాక్టర్ కదిలేదాకా రాస్తూనే ఉంది.