సగం మీసం ఫోటో

బస్టాండు వెనక సందులో కటింగ్ షాపు నడిపే ఆయనకు తల మీద ఒక్క వెంట్రుక లేదు. ఊరందరి తలలూ తీర్చిదిద్దే మనిషికి సొంత తల విషయంలో దేవుడు అన్యాయం చేశాడని ఆయన భార్య అంటూ ఉంటుంది. ఆ లోటు పూడ్చడానికా అన్నట్టు మీసం మాత్రం ధారాళంగా ఇచ్చాడు. దాంతో అందరికీ ఆయన మీసాలాయన అయిపోయాడు. పొద్దున్నే షాపు తెరిచి, అద్దం తుడిచి, అందులో మీసం దువ్వుకుని, కొసలు మెలేసుకుంటే గానీ మొదటి బేరానికి గుడ్డ కప్పడు. ఎవరితో ఏ వాదన వచ్చినా, ఓట్ల గురించి కానీండి, వాన గురించి కానీండి, ఆయన ఆఖరి మాట ఒకటే: "అలా జరక్కపోతే సగం మీసం తీయించుకుంటాను!" చాలా వాదనల్లో ఓడిపోయాడు. మీసం మాత్రం చెక్కుచెదరలేదు.

పనిలో ఆయనకొక పద్ధతి ఉంది. కుర్చీలో కూర్చున్నది ఎవరైనా సరే, ముందుకొచ్చి నిలబడి, "ఎంత తీయమంటారు?" అని అడుగుతాడు. వాళ్ళు వేళ్ళతో కొలిచి చూపించాలి. చూపిస్తేనే కత్తెర కదులుతుంది. దీనికి ఒక్కటే మినహాయింపు. పాత బేరాలు కుర్చీలో కునుకు తీస్తే లేపడు. తన చేతికింద మనిషి నిద్రపోవడాన్ని మించిన మెచ్చుకోలు లేదని ఆయన నమ్మకం. నిద్రపోయినవాళ్ళకు ఎప్పటిలాగే కత్తిరించేసి, మెడ మీద చల్లటి నీళ్ళు చిలకరించి లేపుతాడు. ఆ నమ్మకమే ఆయన కొంప ముంచింది.

సందు చివర నర్సమ్మ ఇల్లుంది. నర్సమ్మంటే ఆస్పత్రిలో ఉద్యోగం చేసి రిటైరైన పెద్దావిడ. బస్టాండులో తప్పిపోయిన పిల్లల్నీ, ఎవరో వదిలేసి పోయిన పిల్లల్నీ, ఇంటి దెబ్బలు తట్టుకోలేక పారిపోయి వచ్చిన పిల్లల్నీ తీసుకొచ్చి తన ఇంట్లోనే పెట్టుకుంటుంది. మొదట ఒక పిల్ల, తర్వాత ఇంకో పిల్లాడు, అలా అలా ఇల్లు నిండిపోయింది. బోర్డు లేదు, ఆఫీసు లేదు. సందులోవాళ్ళే దాన్ని నడిపిస్తున్నారంటే తప్పులేదు. బేకరీ ఆయన సాయంత్రం బ్రెడ్డు పంపిస్తాడు. టైలరమ్మ మిగిలిన గుడ్డలతో గౌన్లు కుడుతుంది. మీసాలాయన వారానికోసారి, తన సెలవు రోజున, పెట్టె పట్టుకుని వెళ్ళి పిల్లలకు క్రాపులు చేస్తాడు.

పిల్లలకూ అదే పద్ధతి. "సార్‌గారూ, ఎంత తీయమంటారు? మేడమ్‌గారూ, తమ ఆజ్ఞ?" అని చేతులు కట్టుకుని అడుగుతాడు. జన్మలో ఎవరూ ఏదీ అడగని పిల్లలు వాళ్ళు. ఆ ఒక్క ప్రశ్నకు మురిసిపోయి, వేళ్ళు ఎడంగా పెట్టి, దగ్గరగా పెట్టి, ఎంతోసేపు ఆలోచించి మరీ చూపించేవాళ్ళు. ఆయనకు తొందర ఉండేది కాదు.

ఆయన కుర్చీ ఎక్కనిది ఒక్కతే, జడలమ్మ. ఏడేళ్ళుంటాయేమో. బస్టాండులో మంచినీళ్ళ కుళాయి దగ్గర దొరికింది. అక్కతో కలిసి బస్సులో వస్తూ నీళ్ళకోసం దిగిందట. అక్క సంచీ తెస్తానని మళ్ళీ బస్సెక్కింది, బస్సు కదిలిపోయింది. ఆ పిల్లకు తాము ఎక్కిన ఊరూ తెలియదు, వెళ్ళాల్సిన ఊరూ తెలియదు. తెలిసిందల్లా అక్క వేసిన రెండు జడలు. వాటిని ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. విప్పి దువ్వుతానంటే రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకునేది. రోజూ గేటు దగ్గర మెట్టు మీద కూర్చుని రోడ్డు చూసేది. ఎవరైనా పిలిస్తే, "అక్క వస్తుంది" అనడం, మళ్ళీ రోడ్డు వైపు తిరగడం. అంతకుమించి మాట లేదు.

ఇలా ఉండగా నర్సమ్మకు ఒక కబురొచ్చింది. ఇలాంటి చిన్న చిన్న ఇళ్ళను వెతికి పట్టుకుని, ఏ దేశంలో ఉన్నా చేయూతనిచ్చే సంస్థ ఒకటుంది. వాళ్ళ తరఫున ఒక మేడమ్ చూడ్డానికి వస్తోందట. వాళ్ళకు నచ్చితే కారే కప్పు బాగవుతుంది, పిల్లలకు మంచాలొస్తాయి, బడికి పంపే ఏర్పాటవుతుంది. నర్సమ్మకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. సరిగ్గా అప్పుడే ఇంటి నిండా పేలు పడ్డాయి.

"ఏమయ్యా, రేపే వస్తోందావిడ. వీళ్ళు ఆవిడ ముందే బరబరా గోక్కుంటే నా పరువేం కావాలి? అందరికీ పొట్టిగా కత్తిరించెయ్" అంది.

"మీరు హాయిగా ఉండండి నర్సమ్మగారూ. రేపు ఒక్క పిల్ల గోక్కుంటే సగం మీసం తీయించుకుంటాను" అన్నాడు మీసాలాయన.

మధ్యాహ్నం నుంచీ నర్సమ్మ వాకిట్లో కత్తెర ఆడుతూనే ఉంది. అందరి పనీ అయ్యేసరికి పొద్దు వాలింది. కుర్చీ తుడుద్దామని వెనక్కి తిరిగితే అందులో జడలమ్మ! ఎప్పుడెక్కిందో ఎక్కింది, మిగతా పిల్లల క్రాపులు చూస్తూ చూస్తూ నిద్రపోయింది. ఆ పిల్ల ఎవరి దగ్గరా కంటినిండా నిద్రపోదని నర్సమ్మ ఎన్నోసార్లు చెప్పింది. మీసాలాయనకు గుండె పొంగిపోయింది. ఇన్నాళ్ళకు నా కుర్చీని నమ్మిందనుకున్నాడు. నిద్రపోయిందంటే ఒప్పుకున్నట్టేననుకున్నాడు. ఎంతోమంది పాత బేరాలకు చేసినట్టే, లేపకుండా, చెయ్యి తగిలీ తగలనట్టు, రెండు జడలూ తీసేసి, మిగిలిన జుట్టు కూడా బాగా పొట్టిగా కత్తిరించేశాడు. అంత మెత్తగా ఆయన ఎన్నడూ పని చెయ్యలేదు. అదేం తెలివో, అడిగితే ఆయన కూడా చెప్పలేడు.

మెడ మీద నీళ్ళు పడగానే పిల్ల కళ్ళు తెరిచింది. ఎదురుగా ఆయన నిలబెట్టిన అద్దం ఉంది. తల తడుముకుంది. ఏడవలేదు, అరవలేదు. కుర్చీ దిగి, నేల మీద పడ్డ జడలు రెండూ ఏరి, గౌను ఒడిలో వేసుకుంది.

"ఇంక అక్క నన్ను గుర్తుపట్టదు" అంది.

పిల్ల లోపలికి వెళ్ళిపోయింది. గేటు దగ్గర మెట్టు మీదకు రానేలేదు. నర్సమ్మ వెళ్ళి, "రామ్మా, బస్సులొచ్చే వేళయింది, చూద్దువుగాని" అని పిలిస్తే, "చూసి ఏం లాభం?" అందిట గోడ వైపు తిరిగి. ఆ మాట వినగానే మీసాలాయనకు ప్రాణం ఉసూరుమంది. కత్తెర పట్టుకున్న చేతిని చూసుకుంటే ఆయనకే అసహ్యం వేసింది.

ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు. ఓదారుస్తుందనుకున్నాడు కాబోలు.

"నిద్రపోతున్న పిల్ల జుట్టు కోయడానికి మీకు చేతులెలా వచ్చాయండీ?" అందావిడ. "పెద్ద పద్ధతి, పద్ధతి అని చంపుతారుగా, ఆ పద్ధతి ఏ గంగలో కలిసింది?"

"నమ్మి నిద్రపోయింది కదా అని…"

"నమ్మి నిద్రపోతే కాపలా కాయాలి గానీ కత్తెరేస్తారా?"

ఆయనకు తల కొట్టేసినట్టయింది. భోజనం సయించలేదు. మర్నాడు పొద్దున్నే షాపుకు తాళం వేసి, దారిలో బొచ్చెడు రంగుల క్లిప్పులు కొనుక్కుని నర్సమ్మ ఇంటికి పరుగెత్తాడు. జడలమ్మ వాటిని చూసి, తన గుండు లాంటి తలను చూపించి, "ఎక్కడ పెట్టుకోను?" అంది. పక్కనున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆయన క్లిప్పులు జేబులో కుక్కుకున్నాడు.

తర్వాత కుర్చీ తెచ్చి వాకిట్లో వేశాడు. తనే కూర్చున్నాడు. గుడ్డ తనే కప్పుకున్నాడు. మొనలు లేని చిన్న కత్తెర తీసి ఆ పిల్ల ముందు పట్టుకున్నాడు.

"నిన్న నేను అడక్కుండా తీసేశాను. తప్పు నాదే. ఇవాళ నువ్వు తియ్యి, నేను కదలను" అన్నాడు.

పిల్ల ఆయన నున్నటి తలకాయకేసి చూసింది. చుట్టూ తిరిగి వెనక నుంచి కూడా చూసింది. "ఏం తీయను? నీకేం లేదుగా!" అంది. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. అప్పుడా పిల్ల చూపు మెల్లిగా కిందకు దిగి, మీసం మీద ఆగింది.

ఆయన పెళ్ళినాటికే ఉన్న మీసం అది. జ్వరమొచ్చినా, పచ్చకామెర్లొచ్చినా దాని మీద ఈగ వాలనివ్వలేదు. అయినా కళ్ళు మూసుకుని, "కానీండి మేడమ్‌గారూ" అన్నాడు.

పిల్ల ముందుకొచ్చి నిలబడింది. "ఎంత తీయమంటారు?" అని అడిగింది. అచ్చం ఆయనలాగే, చేతులు కట్టుకుని.

ఆయన కంట్లో నీళ్ళు తిరిగాయి. "మొత్తం" అన్నాడు.

పిల్ల స్టూలెక్కి పని మొదలుపెట్టింది. నోటికి ఎడం పక్కన నాలుక కొస బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, కచ్ కచ్‌మని కత్తిరించింది. ఒక పక్క పూర్తయి, రెండో పక్క మొదలుపెట్టబోతుండగా గేటు చప్పుడైంది. సంస్థ మేడమ్ వచ్చేసింది.

నర్సమ్మ చేస్తున్న పని వదిలి పరుగెత్తుకొచ్చింది. వరసగా నిలబెట్టాలనుకున్న పిల్లలు నేల మీద దొర్లి నవ్వుతున్నారు. మధ్యలో గుడ్డ కప్పుకుని సగం మీసంతో ఒక మనిషి, ఎదురుగా కత్తెరతో ఒక పిల్ల. పైగా ఓ మూల ఒకడు బరబరా గోక్కుంటున్నాడు. నర్సమ్మకు భూమి చీలితే బాగుండుననిపించింది.

మేడమ్ తిన్నగా కుర్చీ దగ్గరికొచ్చింది. ఏం జరిగిందని మీసాలాయన్నే అడిగింది. ఆయన గుడ్డ తీయకుండానే, నీళ్ళు నమలకుండా ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ విని, పిల్ల ఎదురుగా నేల మీద కూర్చుంది.

"మిమ్మల్నిద్దర్నీ ఒక ఫోటో తీసుకోనా?"

"ఎందుకూ?" అంది పిల్ల.

"ఏటా గోడ క్యాలెండరు వేస్తాం. నర్సమ్మగారి ఇల్లులాంటి ఇళ్ళు చాలా దేశాల్లో ఉన్నాయి. వాటి గోడల మీద పెడతారు. నీకిష్టం లేకపోతే తీయను."

పిల్ల ఆలోచించింది. "ఆ ఇళ్ళల్లో అక్కలుంటారా?"

"చాలామంది ఉంటారు."

"అయితే తియ్యి."

మీసాలాయన మొహం దాచుకోబోయాడు. "కదలనన్నావుగా!" అని కసిరింది పిల్ల. మళ్ళీ నాలుక బయటపెట్టి కత్తెర ఎత్తింది. ఫోటో తీయడం అయ్యాక మిగతా సగం కూడా శుభ్రంగా తీసేసింది. ఆ సాయంత్రం జడలమ్మ గేటు దగ్గర మెట్టు మీదకు మళ్ళీ వచ్చి కూర్చుంది. పక్కనే బోడి మూతితో మీసాలాయన కూడా కూర్చున్నాడు. ఇంటికెళితే భార్య తలుపు తీసి, ఎవరు కావాలని అడిగింది.

సంస్థవాళ్ళు సాయం చేశారు. కప్పు కారడం మానేసింది, మంచాలొచ్చాయి, పిల్లలు బడికి పోతున్నారు. మీసం మొలిచింది. కొత్త సంవత్సరం క్యాలెండరొచ్చింది. అందులో ఒక పేజీ నిండా సగం మీసం. సందులో జనమంతా వచ్చి చూసి పోయారు. బేకరీ ఆయనైతే ఒక కాపీ అడిగి పట్టుకుపోయి గల్లాపెట్టె పైన తగిలించాడు. ఇక ఏ వాదనలోనూ ఆ పాత మాట ఎత్తడానికి మీసాలాయనకు నోరు లేకుండా పోయింది.

అదే క్యాలెండరు రాష్ట్ర సరిహద్దు అవతల ఊళ్ళో, అలాంటిదే ఇంకో ఇంట్లో, వంటగది గోడకు వేలాడింది. ఆ ఇంట్లో ఒక పెద్దపిల్ల ఉంది. బస్సు ఆఖరి స్టాపులో దొరికిన పిల్ల. దారిలో బస్సు చాలాచోట్ల ఆగింది, చెల్లెలు దిగిన ఊరేదో చెప్పలేకపోయింది. జడల పిల్ల కనిపించిందా అని వచ్చినవాళ్ళనల్లా అడిగేది. నెల మారి పేజీ తిప్పగానే సగం మీసం చూసి అందరితోపాటు తనూ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ, కత్తెర పట్టుకున్న బోడితల పిల్ల వైపు చూసింది. ఎడం పక్కన నాలుక కొస బయటికుంది. పలక మీద రాసినా, గుండీ పెట్టుకున్నా అలాగే బయటికొచ్చే నాలుక అది. "లోపల పెట్టవే, తెగుతుంది" అని తను పొద్దస్తమానం తిట్టిన నాలుక.

ఆ ఇంటివాళ్ళు సంస్థకు ఫోన్ చేశారు, సంస్థవాళ్ళు నర్సమ్మకు చేశారు. అక్క వచ్చే రోజు సందులో ఎవరికీ పని సాగలేదు. మీసాలాయన మాత్రం గేటు దాకా వెళ్ళలేదు. ఆ అక్క అడిగే మొదటి ప్రశ్న ఏమిటో ఆయనకు తెలుసు. తలుపు చాటున నిలబడ్డాడు.

అక్క వచ్చింది. చెల్లెల్ని పట్టుకుని ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. చివరికి, చెవుల దాకా పెరిగిన ఆ జుట్టు నిమిరి, "నేనేసిన జడలేవే? ఎవరు తీసేశారు?" అంది.

మీసాలాయన తలుపు చాటు నుంచి బయటికొచ్చాడు. "నేనేనమ్మా" అన్నాడు.

"ఏం ఫర్వాలేదక్కా" అంది చెల్లెలు. "నేను ఆయన మీసం తీసేశాగా. అందుకేగా నువ్వొచ్చావు!"

అక్క ఆయన్ని ఎగాదిగా చూసింది. మీసం కొసలు ఇంకా మెలేయడానికి చాలవు. "మీరేనా ఆ సగం మీసం!" అని ఫక్కున నవ్వేసింది.

మధ్యాహ్నం మెట్టు మీద అక్క కూర్చుంది, ముందు చెల్లెలు కూర్చుంది. చాలీ చాలని జుట్టును రెండు పాయలుగా తీసి, జారిపోతుంటే మళ్ళీ పట్టుకుని, అక్క పట్టుదలగా అల్లుతోంది. మీసాలాయన ఇన్నాళ్ళూ దాచిపెట్టిన క్లిప్పులు తెచ్చి పక్కన పెట్టాడు. ఒక జడ పూర్తయ్యేసరికి పిల్ల అక్క మోకాళ్ళకు ఆనుకుని నిద్రపోయింది. గేటు తోసుకుని గట్టిగా మాట్లాడుతూ వస్తున్న బేకరీ ఆయనకు మీసాలాయన నోటి మీద వేలు పెట్టి సైగ చేశాడు. ఆ పిల్ల తనంతట తాను లేచేదాకా అక్కడే కాపలా కూర్చున్నాడు.