వాన వస్తే బయటికి

డుంబ్రిగుడ దాటాక రోడ్డు వెడల్పు చేస్తున్నారు. నిన్న మా బస్సు అక్కడ చాలాసేపు ఆగిపోయింది. అప్పుడే తవ్విన ఎర్రమట్టి తడి వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. పక్క సీటులో ఎవరో ఆవిడ కళ్ళు మూసుకుని హాయిగా పీల్చుకుంది. నేను మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. ఆ వాసన తగిలితే నాకు సోమన్న మాస్టారు గుర్తొస్తారు.

నేను విజయనగరం వైపు మనిషిని. గిరిజన ఆశ్రమ పాఠశాలలో టీచరుగా చేరినప్పుడు ఆయన మా హెడ్‌మాస్టరు. ఆ కొండల్లోనే పుట్టి, ఆ బడిలోనే చదువుకున్నారు. మొదట్లో నా ధ్యాసంతా ట్రాన్స్‌ఫర్ మీదే ఉండేది. ఏమడిగినా పిల్లలు తల దించుకునేవారు. ఒకరోజు ఆయన నన్ను భోజనాల దగ్గర పిల్లల వరుసలో కూర్చోబెట్టారు. "ఏటీ అడక్కండమ్మా. ఊరికే తినండి. ఆళ్ళే మాటాడతారు," అన్నారు. వారం తిరక్కుండానే ఒక చిన్నపిల్ల నా పళ్ళెంలో వంకాయ ముక్కను చూపించి, దాన్ని వాళ్ళ భాషలో ఏమంటారో చెప్పింది. ఆ పిల్ల మాస్టారి కూతురే; ఆయన 'గుంట' అని పిలిచేవారు. పాఠం చెప్పడం నాకు అక్కడే మొదలైంది.

ఆ మరుసటి సంవత్సరం వానలు తెరిపి లేకుండా కురిశాయి. జ్వరం వచ్చిందని మాస్టారు కూతుర్ని ఇంటికి పంపించారు. తుఫాను రోజున తాను మాత్రం హాస్టల్ పిల్లల్ని విడిచి వెళ్ళలేక బడిలోనే ఉండిపోయారు. మర్నాడు ఆయన ఊరి నుంచి మనిషి వచ్చాడు. కొండచరియ విరిగి ఊళ్ళో కొన్ని ఇళ్ళ మీద పడింది. అందులో ఆయన ఇల్లు ఒకటి. భార్యా కూతురూ లోపలే ఉన్నారు. ఆయన వెళ్ళి చేతులతోనే మట్టి తవ్వారని, ఎవరు పట్టుకున్నా ఆగలేదని తర్వాత విన్నాను.

ఊళ్ళో మెడికల్ క్యాంపు పెట్టారు. బీపీ చూశారు, మలేరియా పరీక్షకు రక్తం తీశారు. నిద్ర పట్టడం లేదని మాస్టారు చెబితే మాత్రలిచ్చారు. క్యాంపు ఎత్తేశారు. మాత్రలూ అయిపోయాయి. ఆయన మళ్ళీ బడికి వచ్చేశారు.

వచ్చాక మొదటిసారి వాన పడినప్పుడు క్లాసులన్నీ తిరిగి పిల్లల్ని మైదానంలోకి నడిపించారు. బడి వెనక కొండ ఉంది కదా, జాగ్రత్త పడుతున్నారనుకున్నాం. తర్వాత చినుకు పడినా అదే పని. వంటగదిలో పెద్ద గిన్నె చప్పుడైనా బయటికి పరిగెత్తేవారు. తడిసి తడిసి పిల్లలకు జ్వరాలు పట్టుకున్నాయి. నేను వెళ్ళి మాట్లాడితే, "అందరూ కొండ పడిపోనాదంటన్నారమ్మా. నాకు ఇంకా పడతానే ఉంది," అన్నారు.

విశాఖపట్నంలో మానసిక వైద్యులకు చూపిద్దామన్నాను. "పిచ్చాసుపత్రికెళ్ళొచ్చినోడి దగ్గర పిల్లల్నెవరొగ్గుతారు?" అన్నారు. చివరికి కళ్ళ పరీక్షకని అందరికీ చెప్పి బయల్దేరాం. అక్కడి డాక్టరమ్మ తొందరపడలేదు. ఆయన చెప్పిందంతా విని, ఇది జబ్బేనని, మందులతో, మాటలతో తగ్గుతుందని, నెలనెలా రావాలని చెప్పింది. కొన్ని నెలలు వెళ్ళారు. ఒకరోజు జల్లు పడుతుంటే క్లాసులోనే ఉండి, బల్లను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని లెక్క పూర్తి చేశారు. నేను స్టాఫ్‌రూములోకి వెళ్ళి ఏడ్చాను.

మళ్ళీ వానాకాలం వచ్చింది. ఘాట్ రోడ్డు మీద మట్టి జారింది. ఆ దారిలో బస్సెక్కడం ఆయన వల్ల కాలేదు. దగ్గర్లో ఎక్కడ అడిగినా ఆ మందులు లేవన్నారు. కొన్నాళ్ళు నేనే విశాఖ వెళ్ళి తెచ్చాను. తర్వాత మనిషిని చూడకుండా ఇవ్వలేమన్నారు. ఈలోగా ఆయన ఎక్కడికి వెళ్ళొస్తున్నారో చుట్టుపక్కల ఊళ్ళకు తెలిసిపోయింది. పిల్లల్ని తీసుకుపోతామంటూ తల్లులు గేటు దగ్గర నిలబడ్డారు. పైవాళ్ళు ఆయన్ని సెలవు మీద పంపారు.

ఊరికి వెళ్ళి రేకుల షెడ్డులో ఉన్నారు. వాన పడితే షెడ్డు విడిచి, తన ఇల్లు ఉన్న చోట మట్టిదిబ్బ మీద కూర్చునేవారట. న్యుమోనియా ముదిరాక ఊరివాళ్ళు డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చి పాడేరులో ఆసుపత్రిలో చేర్చారు. నేను వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. బయట వాన. ఆక్సిజన్ మాస్కు లాగేసి లేవబోతుంటే నర్సు భుజాలు పట్టుకుని ఆపుతోంది. నన్ను గుర్తుపట్టారు.

"పిల్లలు బయటికొచ్చీసినారా అమ్మా?"

"వచ్చేశారు మాస్టారూ. అందరూ వచ్చేశారు."

"మా గుంట?"

"వచ్చేసింది."

ఆయన వెనక్కి వాలారు. మాస్కు పెట్టనిచ్చారు. మర్నాడు పోయారు.

ఇప్పుడు ఆ బడికి నేను హెడ్‌మిస్ట్రెస్‌ని. మొన్నటి వానలకు ఇంకో ఊరి మీద కొండ జారింది. ఆ ఊరి పిల్ల ఒకతె మా హాస్టల్లో నిద్రలో కేకలు పెడుతోంది. విశాఖ తీసుకెళ్దామని వాళ్ళమ్మను పిలిచి చెప్పాను. ఆమెకు మాస్టారి సంగతి తెలుసు.

"ఎల్తే ఆయనకేటైనాదమ్మా?" అంది.

వెళ్ళినన్నాళ్ళూ ఆయన బాగున్నారని చెప్పాను. ఆమె నమ్మలేదు. కూతురి తల నిమిరి వెళ్ళిపోయింది. సంత రోజున ఎదురుపడితే మళ్ళీ చెప్పాను, వెళ్ళినన్నాళ్ళూ బాగున్నారని. ఆమె చింతపండు గంప దించకుండానే పక్కకు తిరిగి నడిచింది. వచ్చే సంతలోనూ చెబుతాను. ఆమెకు నేను చెప్పగలిగిన మంచి మాట అదొక్కటే.