చిన్నమ్మ ఒలిచిన విత్తనం

వేయించిన చెనక్కాయల వాసన బస్టాండులో తగిలితే అందరికీ నోరూరుతుంది, నాకు మాత్రం ఒళ్లు మండుతుంది.

కొత్తచెరువు దగ్గర మా ఊళ్లో, తొలకరికి ముందే విత్తనం కాయలు ఒలిచే పని మొదలయ్యేది. ఆడవాళ్లంతా మా అరుగు మీద చేటలు ముందేసుకుని, పొట్టు దుమ్ము ముక్కుల్లోకి పోతున్నా లెక్కచెయ్యక, వేళ్లు బొబ్బలెక్కేదాకా కాయలతో పాటు ఊరందరి గుట్టూ ఒలిచేవాళ్లు. అందరికన్నా చురుకైన చెయ్యి మా చిన్నమ్మది. చిన్నాయన పోయినాక మా ఇంట్లోనే ఉండేది. విరిగిన పప్పులు ఏరి, వేయించి, బెల్లంతో దంచి, ఉండ చేసి నా నోట్లో పెట్టేది.

నెలకోసారి పుట్టపర్తికని చెప్పి అనంతపురం పోయి హెచ్‌ఐవీ మాత్రలు తెచ్చుకునేది. సీసా గలగలమంటే ఏంటవని అడుగుతారని గుడ్డలో మూటకట్టి దాచేది. అవి మింగినన్నాళ్లూ దిట్టంగా ఉండింది. ఒకరోజు పక్కింటి సాకమ్మ అనంతపురం ఆసుపత్రిలో ఆమెను ఆ మాత్రలిచ్చే వరసలో చూసింది. నరంలేని నాలుక కదా, సాయంత్రానికల్లా ఊరంతా పాకింది.

మరునాడు చిన్నమ్మ పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆమె ఒలిచిన విత్తనం వేస్తే పంటకూ రోగం తగులుతుందని తీర్మానించారు, సేద్యం చదువంతా తామే చదివినట్టు. మా అవ్వ ఆ విత్తనాన్ని వేరే సంచిలో పోయించి నూనె మిల్లుకు పంపింది. మన చేనుకు పనికిరానిది పరాయివాళ్ల పోపులో పడొచ్చు కాబోలు. ఆ సాయంత్రం చిన్నమ్మ ఎప్పట్లాగే ఉండ పట్టుకుని నా వైపు చెయ్యి చాపింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. పదేళ్లదాన్ని, తెలియక చేశానని చెప్పుకోవచ్చు గానీ, అది అబద్ధం. ఆమె మొహం ఎలా మాడిపోయిందో చూస్తూనే చేశాను.

ఆ నెల ఆమె మాత్రలకు పోలేదు. "బస్సులో అందురూ నా మొగమే సూస్తాండారు పాపా. ఇంగ యాడికీ పోను" అంది. తోడు వస్తామని నాయన గానీ అమ్మ గానీ అనలేదు. మరుసటేడు కాయలు ఒలిచేనాటికి మంచం పట్టింది. వాన పడకముందే పోయింది.

ఇప్పుడు కాయలు మిషను ఒలుస్తుంది. అరుగూ లేదు, ఆ ఉండలూ లేవు. ఆ మాత్రలే మింగుతూ పిల్లల పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లను నేనెరుగుదును. మొన్న ఊరికి పోతే అవ్వ చిన్నమ్మ ఫొటో తుడుస్తూ, "బంగారట్లాంటి మనిషి, జొరమొచ్చి పాయ" అంది. నేనిక ఆగలేకపోయాను.

"జొరం కాదవ్వా. మాత్రలకు పోనీకుండా మనమే సంపినాం."

అవ్వ వాకిలి వైపు చూసింది.

"మెల్లగా మాట్లాడే. పక్కింటోళ్లు ఇంటారు."