ఎవరూ ఆపని ఫ్యాన్లు

ఫ్యాక్టరీలో అందరూ ఆమెను వదిన అనే పిలుస్తారు. నిజానికి ఆ హక్కు రాళ్ళను పిండి చేసే షెడ్డులో పనిచేసే ఆమె మరిది ఒక్కడిదే. కానీ పిలుపు జలుబులా పాకి గేటు కాపలాదారు దాకా వెళ్ళింది. మేనేజరు మాత్రం "ఏమ్మా" అంటాడు. అవసరం పడితే "ఏం తల్లీ" అంటాడు.

వదిన ఉద్యోగం కంట్రోల్ రూములో. ఏ యంత్రం ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే ప్రోగ్రాములు కంప్యూటరులో ఉంటాయి. వాటికి వేళలు పెట్టి నడపడం, తెర మీద గీతల్ని కనిపెట్టుకుని ఉండడం ఆమె పని. ఆ అలవాటు ఇంటికీ తెచ్చుకుంది. నీళ్ళ మోటారుకొక వేళ, పిల్లల చదువుకొక వేళ, చివరికి అత్తగారి అలకకూ ఒక వేళ పెట్టి చూసింది. అత్తగారు మాత్రం ఏ ప్రోగ్రాముకూ లొంగే ఘటం కాదు.

కంట్రోల్ రూములో ఏసీ ఆగదు. దుమ్ము పడితే కంప్యూటర్లు పాడైపోతాయట. పాపం, సుకుమారాలు! గోడకవతల షెడ్డులో మనుషులు మూతికి తడిగుడ్డ కట్టుకుని పనిచేస్తారు. వాళ్ళు పాడైతే గేటు బయట కొత్తవాళ్ళు నిలబడే ఉంటారు కదా, ఇక కంగారెందుకు? అలాగని కంపెనీకి దయ లేదనకూడదు. షెడ్డు కప్పుకు దుమ్ము లాగేసే పెద్ద ఫ్యాన్లు బిగించారు. వాటి కింద నిలబడి ఫొటోలు కూడా దిగారు. అయితే అవి కరెంటు తాగుతాయి. అందుకని వాటి ప్రోగ్రాముకు ఒకే పని అప్పగించారు: తనిఖీ అధికారి వచ్చినప్పుడు తిరగడం. అధికారి కూడా మర్యాద తెలిసినవాడే, కబురు పెట్టకుండా గడప తొక్కడు.

మిగతా రోజుల్లో తెర మీద దుమ్ము గీత ఎర్రగా పైకెక్కి అలారం మోగేది. దాని నోరు నొక్కడానికి ఒక బటన్ ఉంది. వదిన నొక్కేది. మనుషుల నోరు నొక్కడానికి ఆ బటన్ కూడా అక్కర్లేదు, నెల జీతం చాలు. ఆ లెక్కన వదిన నోరూ నొక్కే ఉంది.

తనిఖీ అయ్యాక ఫ్యాన్లు ఆపాలంటే కంప్యూటరు ఒక గడి చూపించి, ఆపేవారి పేరు, కారణం రాయమంటుంది. ఇన్నేళ్ళూ అందులో పడింది వదిన పేరే. ఆపమనేది మేనేజరు, నోటిమాటగా. నోటిమాటకు గడి ఉండదు.

ఈసారీ అధికారి వచ్చాడు, చూశాడు, మెచ్చుకుని వెళ్ళాడు. వదిన ఎప్పటిలాగే ఫ్యాన్లు ఆపింది. సాయంత్రం ఇంట్లో మరిది ఒక్కసారి కూడా దగ్గకుండా భోజనం ముగించాడు. అత్తగారు వింతగా చూసింది.

"ఏరా, ఇవాళ పని ఎగ్గొట్టావా?"

"లేదమ్మా, మా దేవుడు ప్రత్యక్షమయ్యాడు." మరిది వదిన వైపు తిరిగాడు. "ఆయన మళ్ళీ ఎప్పుడొస్తాడో నీ కంప్యూటరు చెబుతుందా వదినా? ఆ రోజు ఇంకో ముద్ద ఎక్కువ తింటాను."

అందరూ నవ్వారు. వదిన కంచంలోనే చెయ్యి కడిగేసుకుంది.

మర్నాడు పనికి రాగానే, తన పేరుతో ఇంకెవరూ ఫ్యాన్లు ఆపకుండా ఆమె తన పాస్‌వర్డ్ మార్చేసింది. తర్వాత ఫ్యాన్ల ప్రోగ్రాము తెరిచి, 'ఒక్కసారి' అని ఉన్నచోట 'ప్రతిరోజూ' అని పెట్టింది. షెడ్డు కప్పు గుయ్యిమంది. మేనేజరు పరుగున వచ్చాడు.

"ఏం తల్లీ, మళ్ళీ వస్తున్నాడా ఆయన?"

"లేదు సార్. ఇకనుంచి రోజూ తిరుగుతాయి."

"పొరపాటున నొక్కేశావా? పర్లేదులే, ఆపెయ్."

"పొరపాటు కాదు సార్, తెలిసే పెట్టాను. ఆపాలంటే మీరే ఆపండి. పేరు, కారణం అడుగుతుంది, అంతే." లేచి తన కుర్చీ ఆయనకిచ్చింది.

మేనేజరు కూర్చున్నాడు. తన పేరు సగం కొట్టాడు. కారణం దగ్గర 'కరెంటు దండగ' అని కొట్టి, చదువుకుని, మొత్తం చెరిపేశాడు. అసిస్టెంటును పిలిచాడు.

"నువ్వు కొట్టవయ్యా. నీ పేరు చిన్నది, త్వరగా అయిపోతుంది."

"కళ్ళద్దాలు మర్చిపోయాను సార్." అవి అతని ముక్కు మీదే ఉన్నాయి.

ఎలక్ట్రీషియన్‌ను వైరు పీకెయ్యమన్నారు. "క్షణంలో పని సార్. ఎవరు పీకమన్నారో కాగితం మీద రాసివ్వండి" అన్నాడతను. పై ఆఫీసుకు ఫోన్ చేస్తే, వెంటనే ఆపమన్నారు. రాసి పంపుతారా అని అడిగితే లైను కట్టయింది. షెడ్డులో జనాన్ని దగ్గించే ధైర్యం అందరికీ ఉంది. దాని కింద పేరు పెట్టుకునే ధైర్యమే ఒక్కరికీ లేదు.

ఫ్యాన్లను ఆపలేనివాళ్ళు వదినను ఆపారు. కంట్రోల్ రూము నుంచి తీసి, షెడ్డులో బస్తాలు కుట్టే పనికి వేశారు. ఆ ఆర్డరు మీద సంతకం పెట్టేటప్పుడు ఎవరి కళ్ళద్దాలూ మాయం కాలేదు.

మొదటి రోజు వదిన షెడ్డులోకి రాగానే మరిది తడిగుడ్డ చేతికిచ్చాడు.

"ఏసీ ప్రాణం, ఇక్కడ నిలుస్తుందా వదినా?"

"నిలవకపోతే మీ అమ్మకు సంతోషమేగా!"

నవ్వబోయి ఆగిపోయాడు. అందరి తలలూ కప్పు వైపే ఉన్నాయి. ఆమె కుర్చీలో ఇవాళ కొత్తవాడున్నాడు. పిల్లలు గలవాడు, భయస్తుడు. అతని ముందూ అదే గడి ఉంటుంది, వెనక మేనేజరూ నిలబడి ఉంటాడు.

గంట మోగింది. మిషన్లు కదిలాయి. పిండి పొగలా లేచింది. వదిన గుడ్డ ముక్కు దాకా తెచ్చుకుంది.

అప్పుడు కప్పు గుయ్యిమంది.

మరిది తన తడిగుడ్డతో మొహం తుడుచుకుని, మొదటి బస్తా ఆమె ముందుకు జరిపాడు.